గడ్డి మళ్ళీ వేశారు

నూజివీడు పేరెత్తితే ఊరివాళ్ళకైనా పైవాళ్ళకైనా రసాలే గుర్తొస్తాయి. ఆ రసాల వెనక గడ్డి ఉందన్న సంగతి ఎవరూ తలవరు.

మా తాతయ్యకు ఇటు మెట్టలో మామిడి తోట, అటు హనుమాన్ జంక్షన్ వైపు కాలవ కింద కొద్దిగా మాగాణి ఉండేవి. వరి కోతకు కొన్ని రోజుల ముందు, చేలో తడి ఆరకుండానే, జనుము, పిల్లిపెసర చల్లేవారు. పనలు లేచేసరికి మొలక పచ్చగా కనపడేది. నేలలో మిగిలిన తేమే దానికి చాలు. వేరు బుడిపెలు నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి కనుక మీదటి పంటకూ మేలే. జనుము పూత మీదుండగా కోసి ఎండబెట్టి, మేటు వేసేటప్పుడు ఒక వరస వరిగడ్డి, ఒక వరస జనుము వేసేవారు. వరిగడ్డి గేదె కడుపు నింపితే జనుము పాలు పెంచుతుందని ఆయన లెక్క.

మేటు వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. కింద రాళ్ళు, కంప పరిచి చెమ్మ తగలకుండా చేయాలి. ఒకరు పైన నిలబడి తొక్కుతుంటే కింది నుంచి కట్టలు అందించాలి. అంచులు దువ్వుతూ, పైకి పోయేకొద్దీ ఇంటి కప్పులా వాలు తీయాలి. అలా వేసిన మేటులో వారం రోజులు ముసురు పట్టినా, పక్కనుంచి చెయ్యి పెట్టి దూస్తే గడ్డి పొడిగా వచ్చేది.

వేసవికి ఆ మేటులో మిగిలిన గడ్డి మామిడికి పోయేది. చిక్కంతో తొడిమ ఊడకుండా కోసిన కాయల్ని సొన కారేదాకా బోర్లించి, గదిలో జానెడు మందాన గడ్డి పరిచి పేర్చేవారు. మీద మళ్ళీ గడ్డి. కాయ వదిలే ఇథిలీనే కాయను పండిస్తుంది, గడ్డి వెచ్చదనాన్ని నిలిపి చెమ్మను పీల్చుకుంటుంది. వారం తిరిగేసరికి చిన్నరసాల వాసన వీధిలోకి వచ్చేది.

నాన్న కాలానికి ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి. తరవాత కోత మిషను వచ్చింది. అది తిరిగిన చేలో గడ్డి ముక్కలై చెదిరిపోయేది, జనుము మొలక చక్రాల కింద నలిగిపోయేది. కూలి ఖర్చు చూసుకుని చాలామంది ఆ గడ్డికి నిప్పు పెట్టారు. నాన్న కూడా గేదెల్ని అమ్మేశారు. ఆయన్ని తప్పు పట్టలేను, ఆ రోజుల్లో పాలధర దాణా ఖర్చుకే సరిపోయేది కాదు. గడ్డి దొరకని చోట మామిడి మండీల్లోకి కార్బైడ్ చేరింది. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుండే ఆ పొడితో పండ్లు మాగబెట్టడాన్ని 2011 ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. అయినా ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు మళ్ళీ గేదెల్ని తెచ్చాడు. మిషను కోసిన గడ్డిని బేలరుతో చుట్టలు కట్టిస్తున్నాడు. తోటలో నీడకు తట్టుకునే గినీ గడ్డి నాటాడు. మిషను వెళ్ళిపోయాకే మాగాణిలో జనుము చల్లాడు. తేమ తగ్గిపోయింది కనుక ఒక తడి పెట్టాల్సి వచ్చింది. మా అమ్మ గట్టు మీద నిలబడి, "పూత మీదే కొయ్యరా, కాయ పడితే కాడ ముదిరి గేదె ముట్టదు" అంది. "నువ్వు చెప్పిన రోజే కోస్తాలే నానమ్మా" అన్నాడు వాడు. ఈ మాట ఏ పుస్తకంలోనైనా దొరకవచ్చు. కానీ ఇలా గట్టు మీద అందడం వేరు, అది చెప్పేవాళ్ళు ఉండగానే గడ్డి మళ్ళీ వేయడం మా ఇంటికి దక్కిన అదృష్టం.

గడ్డిలో మాగిన పండు ఒక్కరోజులో తయారవదు, కొంత కుళ్ళుతుంది, అందుకే ధర కాస్త ఎక్కువ పడుతుంది. మే నెలలో పండ్లు కొనేటప్పుడు దేనితో మాగబెట్టారో అడగండి. గడ్డిలో మాగేశామని చెప్పే రైతు దొరికితే ఆ నాలుగు రూపాయలూ బేరం ఆడకుండా ఇవ్వండి.