ఇల్లు వెంట ఉన్నా బాటసారులమే

అరబీలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ఆ ధాతువుకు తెర తొలగించడం, వెల్లడి చేయడం అనే అర్థం కూడా ఉంది. మనిషి లోపలి గుణాలను బయటపెడుతుంది గనుకనే ప్రయాణానికి ఆ పేరు వచ్చిందని పూర్వ పండితులు వివరించారు. మదర్సా తరగతి గదిలో ఏండ్ల తరబడి విద్యార్థులకు చెబుతూ వచ్చిన ఈ మాటలోని సత్యం, గడచిన షవ్వాల్ మాసంలో తొమ్మిది రోజుల పాటు ఒకే వాహనంలో వండుకుని, తిని, నిద్రించి, రెండు వేల కిలోమీటర్లకు పైగా సాగించిన యాత్రలో మాకు ప్రత్యక్షమైంది.

మా చిన్న కుమారుడు ఆలిం విద్య పూర్తి చేశాడు. దక్కను నుండి మాళవం వరకు పూర్వులు కట్టించిన విద్యాలయాలను, మసీదులను కుటుంబసమేతంగా చూడాలన్నది అతడి కోరిక. మా తల్లిగారికి డెబ్భై ఆరేండ్లు. మోకాళ్ల నొప్పి ఉంది. మధుమేహం వల్ల రెండు పూటలా ఇన్సులిన్ తీసుకోవాలి. ఆమెకు హోటళ్ల మెట్లు, దారిలోని మరుగుదొడ్లు కష్టమని పిల్లలు ఒక క్యారవాన్ అద్దెకు మాట్లాడారు. సినిమా వారికే పరిమితమని మనం అనుకునే వాహనమిది. లోపల పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి, అడుగున నీళ్ల ట్యాంకు ఉన్నాయి. మా తల్లిగారు, మా ఇల్లాలు, ఇద్దరు కుమారులు, పెద్ద కోడలు, ఎనిమిదేండ్ల మనుమరాలు, నల్లగొండ జిల్లాకు చెందిన డ్రైవరు సోదరుడు, మేము. వెరసి ఎనిమిది మందిమి.

“ఇక దారిలో ఎవరి గడపా తొక్కే పనిలేదు దాదీ! ఇల్లే మన వెంట వస్తోంది” అన్నాడు పెద్ద కుమారుడు. మా తల్లిగారు నవ్వి, “ముసాఫిర్‌కు గడపలే దిక్కు బేటా” అన్నారు.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా నియమించుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధన. ఆ ప్రకారం పెద్ద కుమారుణ్ణి అమీరుగా ఎన్నుకున్నాము. నీళ్ల లెక్క పెద్ద కోడలికి అప్పగించాము. దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో, అంటే కొద్దిపాటి నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కోడలు ఆ పాటి ప్లాస్టిక్ మగ్గు ఒకటి తెచ్చి కుళాయి పక్కన వేలాడదీసింది.

బీదరులో భూగర్భ జలమార్గం

హైదరాబాదు నుండి బీదరు సుమారు 140 కిలోమీటర్లు. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వచ్చి బహమనీ రాజ్యానికి వజీరైన మహమూద్ గవాన్ 1472లో అక్కడ నిర్మించిన మదర్సా నేటికీ చూపరులను నిలబెట్టివేస్తుంది. అధ్యాపకులకు, విద్యార్థులకు గదులు, గ్రంథాలయం, ఉపన్యాస మందిరాలు గల మూడంతస్తుల కట్టడమది. అనంతర కాలంలో సంభవించిన పేలుడులో కొంత భాగం కూలిపోగా, మిగిలిన మినారుపై నీలి పింగాణీ పలకలు ఇంకా మెరుస్తున్నాయి. ఇంతటి విద్యాపోషకుణ్ణి సుల్తాను రాజద్రోహ నింద నమ్మి 1481లో చంపించాడు. రాజు పోయాడు, నింద పోయింది, మదర్సా మిగిలింది.

నగరం అంచున నౌబాద్ వద్ద ‘కరేజ్’ ఉంది. భూగర్భంలో తవ్విన సొరంగం గుండా ఊటనీటిని పల్లానికి నడిపించి, మధ్య మధ్య బావుల వంటి రంధ్రాల ద్వారా తోడుకునే ఇరానీ పద్ధతి ఇది. దీని పొడవు సుమారు 3 కిలోమీటర్లు. యంత్రమేదీ లేకుండా నేల వాలునే ఆధారం చేసుకున్న ఆ నేర్పును మా కోడలు చాలాసేపు వంగి చూసింది.

బీదరు దాటగానే మొదటి ఆపద ఎదురైంది. గతుకుల రోడ్డుపై వంట అలమర తలుపు ఊడి, బియ్యం, కందిపప్పు, అరకిలో పసుపు పరుపుల మీద కుమ్మరించుకున్నాయి. అమీరు డ్రైవరుపై విసుక్కున్నాడు. మా తల్లిగారు మాత్రం మనుమరాలి పసుపు ముఖం చూసి పకపక నవ్వారు. ఆ నవ్వుకు కోపం చల్లారింది. ఆ సాయంత్రం పప్పూ బియ్యం వేరుచేసే పని అనవసరమైంది, ఖిచిడీ వండుకున్నాము.

ముసాఫిర్ పేరున తిరిగిన తిరగలి

మూడవ రోజు ఔరంగాబాద్ చేరాము. ఇప్పుడు దానిని ఛత్రపతి శంభాజీనగర్‌గా వ్యవహరిస్తున్నారు. ఇథియోపియా నుండి బానిసగా వచ్చి అహమద్‌నగర్ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మలిక్ అంబర్ స్థాపించిన నగరమిది. ఆయన నగరానికి భూగర్భ కాలువల ద్వారా నీరు తెప్పించాడు. తరువాత 18వ శతాబ్దంలో, బాబా షా ముసాఫిర్ అనే సూఫీ నివసించిన చోట ‘పన్‌చక్కి’ వెలసింది. దూరపు ఊట నుండి మట్టి గొట్టాలలో వచ్చిన నీరు పైనుండి దూకి తిరగలిని తిప్పుతుంది. ఆ పిండితో విద్యార్థులకు, ఫకీర్లకు, బాటసారులకు రొట్టెలు కాల్చేవారు. బాటసారి పేరు గల మనిషి నివాసంలో, బాటసారుల కోసమే నీరు పనిచేసింది!

పన్‌చక్కి చూసి బయలుదేరిన కొద్ది నిమిషాలకే మా వాహనం ఒక పాత నగర ద్వారం ముందు ఆగిపోయింది. క్యారవాన్ నెత్తిన బిగించిన ఏసీ పెట్టె కమానుకు జానెడు దూరంలో ఉంది. వెనుక ఆటోలు, బైకులు, ఒక పెండ్లి వ్యాను బారులు తీరాయి. ముందుకు పోతే కమానుకు, మాకు కూడా నష్టం. వెనుకకు పోవడానికి చోటు లేదు. అప్పుడు పండ్ల బండ్ల కుర్రాళ్లు నలుగురు ఎవరూ పిలవకుండానే వచ్చారు. ఒకడు ఆటోలను పక్కకు జరిపించాడు, మరొకడు వెదురు కర్రతో కమాను ఎత్తు కొలిచాడు, ఇద్దరు వెనుక నిలిచి ఈలలు వేస్తూ అరగంటలో మమ్మల్ని వెనుకకు నడిపించారు. పెండ్లివారు సైతం తిట్టలేదు. కిటికీలోంచి మా మనుమరాలికి మిఠాయి అందించారు.

అరటి తోటల నడుమ తెల్లవారుజాము

అజంతా ఘాటు దిగి, జల్‌గావ్ దాటి, రావేర్ ప్రాంతంలోని అరటి తోటల పక్కన రాత్రి ఆగాము. ఫజ్ర్ వేళకు కోడలు కుళాయి తిప్పితే చుక్క రాలేదు. ఘాటులో ఎగిరిన రాయి ఏదో తగిలి ట్యాంకు కింది గొట్టం చిట్లి, నీరంతా రాత్రికి రాత్రే నేలలో ఇంకిపోయింది. తాగేందుకు మూడు సీసాలు మిగిలాయి. వాటిని మా తల్లిగారి మందులకు, పాపకు అట్టిపెట్టాలి.

కుమారులిద్దరూ టార్చి పట్టుకుని రోడ్డు వెంట ఇరువైపులా మైలుకు పైగా వెదికి వచ్చారు. తోటలో డ్రిప్పు గొట్టాలున్నాయి గాని కరెంటు లేదు. పైగా యజమాని అనుమతి లేని నీరు. తూర్పు తెల్లబారుతోంది. చిన్నవాడు తయమ్ముమ్ చేద్దామన్నాడు. మా తల్లిగారు ఒప్పుకోలేదు. “అరవై ఏండ్లుగా వుజూ లేకుండా నమాజుకు నిలబడలేదు. ఆ సీసా నీళ్లు ఇవ్వండి, మందు తరువాత చూసుకుందాం” అన్నారు.

మేము మౌనంగా ఉన్నాము. ఆ జవాబు చెప్పవలసినవాడు కొత్తగా పట్టా పుచ్చుకున్నవాడే. అతడు దాదీ పాదాల దగ్గర కూర్చుని మెల్లగా వివరించాడు. దాహానికి, ప్రాణరక్షణకు అవసరమైన నీరు ఉన్నా వుజూ విషయంలో అది లేనట్టేనని. ప్రయాణంలో నమాజు కుదింపును అల్లాహ్ ప్రసాదించిన దానమని, దానిని స్వీకరించమని దైవప్రవక్త (స) బోధించారని. తయమ్ముమ్ కూడా అటువంటి కారుణ్యమేనని. ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు వద్దనడం దాసునికి తగదని చెప్పాడు. ఆమె కొంతసేపు అతడి ముఖంలోకి చూసి, రెండు చేతులూ శుభ్రమైన మట్టిపై ఆనించారు. ఏడేండ్లు అతడు చదివిన ఫిఖ్హ్ గ్రంథాలకు అసలు పరీక్ష ఆ అరటి తోట అంచున జరిగిందని మాకనిపించింది.

సూర్యుడు పొడిచాక తోట రైతు, ఆయన భార్య వచ్చారు. సంగతి తెలిసి ఆమె ముందుగా తన బిందె నీళ్లు మా తల్లిగారి ముందు పెట్టింది. ఆయన పాత సైకిలు ట్యూబు కోసి చిట్లిన గొట్టానికి బిగించి కట్టాడు. కరెంటు వచ్చే వేళ వరకు మమ్మల్ని కూర్చోబెట్టి, మోటారు వేసి ట్యాంకు నింపాడు. డబ్బు ఇవ్వబోతే ఒక అరటి గెల తెచ్చి మా చేతిలో పెట్టాడు. ఆమె మాత్రం ఒకటి అడిగింది. తన కూతురికి నెలలు నిండాయనీ, మా తల్లిగారిని దుఆ చేయమనీ.

ఆనాడే బుర్హాన్‌పూర్‌లో ‘కుండీ భండారా’ చూశాము. అబ్దుల్ రహీమ్ ఖాన్‌-ఏ-ఖానాన్ కాలంలో, 1615 ప్రాంతంలో, సాత్పురా కొండల ఊటలను నూటికి పైగా బావుల వరుసతో నగరానికి మళ్లించిన ఏర్పాటు అది. ఆ ఊరి జామా మసీదులో అరబీ శాసనంతో పాటు సంస్కృత శాసనమూ ఉంది. ఉదయం తోటలో ఎదురైన ఆదరణ, ఆ గోడపై రెండు భాషలలో రాసి ఉన్నట్టు తోచింది.

మాండూ కొండపై మట్టికుండ

మాండూలో రెండు తటాకాల నడుమ ఓడలా నిలిచిన జహాజ్ మహల్‌ను, పాలరాతితో కట్టిన హోషంగ్ షా సమాధిని చూస్తూ మధ్యాహ్నం గడిచింది. తిరిగి వచ్చేసరికి వాహనంలో ఫ్రిజ్ ఆగి ఉంది. లోపలి సామగ్రికి విద్యుత్తు అందించే బ్యాటరీ పూర్తిగా పాడైపోయింది. ఏప్రిల్ ఎండకు లోపల కొలిమిలా ఉంది. ఫ్రిజ్‌లోని రెండు ఇన్సులిన్ సీసాలే మా తల్లిగారికి ఆధారం. అతివేడి తగిలితే ఆ మందు శక్తి కోల్పోతుంది. కొండపై ఆ రకం దొరకలేదు. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోని ధార్‌కు పోదామంటే, అప్పటికే ఎండదెబ్బకు ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. వెంటనే నీడన పడుకోబెట్టాలి.

ఎవరి గడపా తొక్కనక్కరలేదన్న మా అమీరే అప్పుడు ఒక టీ దుకాణం గడప తొక్కాడు. దుకాణదారు సీసాలను తన ఫ్రిజ్‌లో పెట్టి, వెనుకనున్న తన ఇంట్లోకి మా తల్లిగారిని తీసుకుపొమ్మన్నాడు. చీకటి పడే వేళకు కరెంటు పోయింది. ఆ ఇంటి ముసలమ్మ కంగారు పడలేదు. సీసాలను డబ్బాలో మూసి, ఆ డబ్బాను పొడి ముంతలో ఉంచి, ముంతను నీళ్లున్న వెడల్పాటి కుండలో నిలిపి, తడిగుడ్డ కప్పి గాలి తగిలే అరుగు మీద పెట్టింది. రాత్రి రెండుసార్లు లేచి గుడ్డ తడిపింది. మా ఇల్లాలు లేవబోతే వారించి, “మీరు అతిథులు, నిద్రపోండి” అన్నది.

మరునాడు ధార్‌లో వైద్యునికి చూపించాము. ఎండకు గురైన మందుపై ఆధారపడక కొత్త సీసా వాడటమే క్షేమమని ఆయన చెప్పగా, అలాగే చేశాము. రాత్రంతా ఆమె చక్కెర స్థాయి అదుపులోనే ఉన్నట్టు తేలింది. అల్‌హందులిల్లాహ్. బ్యాటరీ మార్పించడానికి నాలుగు గంటలు పట్టింది.

భోపాల్‌లో తాజుల్ మసాజిద్ విశాల ప్రాంగణంలో నిలిచినప్పుడు మరొక సంగతి మనసును తాకింది. షాజహాన్ బేగం ప్రారంభించిన ఆ మసీదు నిధులు లేక ఆగిపోయి, 1971లో మళ్లీ మొదలై, 1985లో పూర్తయింది. పాలకురాలి సంకల్పమైనా సామాన్యుల చేతులు తోడైతేనే నెరవేరింది. అక్కడి నుండి నాగపూర్ మీదుగా పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ చేరేసరికి ఒక టైరు పగిలింది. ఈసారి అమీరు ఎవరిపైనా విసుక్కోలేదు. డ్రైవరుతో పాటు తానూ జాకీ పట్టుకున్నాడు.

ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు

ఇటువంటి వాహనంలో వెళ్లదలచిన పాఠకులకు కొన్ని మాటలు. వాహనం ఎత్తును కొలిచి డ్రైవరు ఎదుట రాసిపెట్టండి. పాత నగరాలలోకి ఆటోలో వెళ్లండి. తాగునీటిని ట్యాంకుతో సంబంధం లేకుండా వేరే డబ్బాలలో ఉంచండి. ఇన్సులిన్ వాడేవారుంటే చల్లదనం నిలిపే సంచీ, వైద్యుని చీటీ వెంట ఉంచుకోండి. ఫ్రిజ్‌ను ఒక్కదానినే నమ్మవద్దు. ప్రయాణంలో నమాజు, తహారత్ మస్అలాలు స్త్రీలు, పిల్లలు సహా అందరూ ముందే నేర్చుకోండి. వంటిల్లు చక్రాలపై ఉన్నంత మాత్రాన వంట భారం స్త్రీలదే కానక్కరలేదు. గిన్నెలు తోమడం మగవారికి కూడా సున్నత్‌కు దగ్గరైన సేవే.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. తన ఊళ్లో కలిగినవాడైనా, దారిలో ఆధారం తెగితే అతడు హక్కుదారుడే. ప్రయాణికుణ్ణి షరీఅత్ స్వయంసమృద్ధునిగా కాక, ఇతరుల ఆదరణకు అర్హునిగా చూసింది. మనం దారిలో ఉన్నప్పుడు ఆ ఆదరణను వినయంతో స్వీకరించాలి. ఇంట ఉన్నప్పుడు మన వీధిలో ఆగిన వాహనం ఎవరిదైనా, వారి మతమేదైనా, ఒక బిందె నీళ్లు ముందుగా మన గడప నుండే వెళ్లాలి.

ముసాఫిర్ దుఆ స్వీకృతమవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. రావేర్ నుండి ఇల్లు చేరేవరకు మా తల్లిగారు ప్రతి నమాజు తరువాత, పేరైనా తెలియని ఆ రైతు బిడ్డకు సుఖప్రసవం కలగాలని అల్లాహ్‌ను వేడుకుంటూనే ఉన్నారు.