స్ట్రాట్‌ఫర్డులో రెండవ మంచము

ఇంగ్లండునందు ఏవన్ నదీతీరముననున్న స్ట్రాట్‌ఫర్డు పట్టణమునకు మేము షేక్స్పియరు మహాకవి సమాధిని చూడగోరి పోయితిమి. ఇరువైపుల చెట్లు నిలిచిన బాటవెంట నడచి హోలీ ట్రినిటీ దేవాలయము ప్రవేశించితిమి. లోపల వేదికకు సమీపమున, నేల పరచిన రాళ్లక్రింద కవియు, ఆయన ప్రక్కనే భార్యయగు ఆన్ హాథవేయు శయనించియున్నారు.

ఆ కాలమున ఇంగ్లండులో మరణశాసనము వ్రాయువారు మొదట ఆత్మను భగవంతునికిని, దేహమును మంటికిని అప్పగించి, పిమ్మట ఆస్తిమాట నెత్తుట ఆచారము. తమ్మెచట పాతిపెట్టవలెనో పలువురు చెప్పుచుండిరి. పేదలకింత పంచుడనియు వ్రాయుచుండిరి. 1616 మార్చి 25వ తేది వేసిన షేక్స్పియరు శాసనమును ఇట్టిదే. కాని సమాధిస్థలము మాత్రమందు లేదు. ఊరి పేదలకు 10 పౌనులు. చెల్లెలు జోనుకు 20 పౌనులు, తన వస్త్రములు, ఏటికి 12 పెన్నీల అద్దెపై జీవితాంతము నివసించుటకు ఇల్లు. చిన్నకూతురు జూడితుకు రొక్కము, బంగారుపూత గల వెండిగిన్నె. పెద్దకూతురు సుసానాకు ఇండ్లును భూములును. మరి భార్యకో? పంక్తుల నడుమ ఇరికించిన యొక్క వాక్యము: మేలైన మంచములలో రెండవది, దాని సామగ్రితో.

ఇది తెలిసి మాకు మొదట కోపమే కలిగెను. మేలైన మంచము అతిథులకనియు, రెండవదియే దంపతులదనియు కొందరు పండితులందురు. వితంతువునకు భర్త భూములలో మూడవవంతును బ్రతికినంతకాలము అనుభవించు హక్కును సామాన్యముగా చట్టమే యిచ్చుచుండెను గనుక, వేరుగ వ్రాయనక్కరలేదనియు అందురు. కావచ్చును. కాని ఆమె మాట యేది? ఆనాటి చట్టమున భర్త సమ్మతిలేక భార్య శాసనము వ్రాయరాదు. వితంతువు వ్రాయవచ్చును, అయినను ఆన్ వ్రాసినదేదియు లభింపలేదు.

కవి సమాధిశిలపై, తన యెముకలను కదల్చువారికి శాపము చెక్కబడియున్నది. భార్యయు కుమార్తెలును ఆయన గోతిలోనే తమ్ముంచవలెనని మిక్కిలి కోరిరనియు, శాపభీతిచే ఎవ్వరును ఆ రాయి ముట్టరైరనియు 1693లో ఒక యాత్రికుడు వ్రాసెను. నిజమేమైనను, 1623లో గతించిన ఆన్ ఆయన ప్రక్కనే మరియొక రాతిక్రింద నున్నది. అందలి ఇత్తడిరేకుపై బిడ్డ పలుకులుగా లాటిను పద్యములున్నవి. పాలను ప్రాణమును ఇచ్చిన తల్లికి రాళ్లు తప్ప బదులీయలేకపోతినను దుఃఖము వానిలో కలదు. శాసనములో కానరాని ప్రేమ మాకిచట కనబడి కన్నులు చెమర్చెను.

సోదరీమణులారా! నేడు మన సొత్తునకు మనమే వీలునామా వ్రాయు హక్కు మనకు కలదు. ఇల్లాలి పేరు పంక్తుల నడుమ గాక పంక్తిలోనే యుండుగాక. ఆమె కోరికను ఆమెయే చెప్పుగాక.