ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మహాలయ వేకువ

కలకత్తా నగరపు నైరుతి భాగాన, ఖిదిర్‌పూర్ రేవులకు చేరువలో ఉన్న పేట ఏక్‌బాల్‌పూర్. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరుచుకొన్న తరువాత పొట్టచేత పట్టుకొని వచ్చిన నానా భాషలవారు ఈ పరిసరాలలో స్థిరపడ్డారు. దాని పడమట మటియాబుర్జ్ ఉంది. రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో వచ్చి శేషజీవితం గడిపిన చోటు అది. ఆయనతో తరలివచ్చిన సంగీతాన్ని గురించి చరిత్రకారులు విరివిగా వ్రాశారు. ఇరుగుపొరుగు సందుల్లో వినవచ్చిన సంగీతాన్ని గురించి వ్రాసినవారు అరుదు. అది విన్నవారి జ్ఞాపకాలలోనే అది నిలిచి ఉంది.

అటువంటి జ్ఞాపకం ఒకటి శ్రీకాకుళం జిల్లా నుండి వలస వచ్చిన ఒక తెలుగు కుటుంబంలో మిగిలింది. తండ్రి రేవులో సరుకు లెక్కలు వ్రాసే గుమాస్తా. కొడుకుకు 1976లో పదేళ్లు. ఆ ఇంటి దసరా తల్లి చెప్పే కబుర్లతో మొదలయ్యేది. ఆమె చిన్ననాట పంతులుగారి వెంట పిల్లలు విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు అందుకొనేవారట. ఏక్‌బాల్‌పూర్‌లో ఆ వేడుక లేదు. అందుచేత ఆమె వేయించిన శనగపప్పు, బెల్లం ముక్క కలిపి కొడుకు దోసిట్లో పోసి, పద్యం తానే చదివేది.

అయినా ఆ బాలునికి బహుమతుల కొరత లేదు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు గాలిపటం, దారపు చరఖా. ఈద్‌కు పక్కవాటాలోని దర్జీ చాచా అరచేతిలో పెట్టే నాణెం, ఆ ఇంటి సేమ్యా. దసరాకు కొత్త చొక్కా. ఆ చొక్కా కుట్టేదీ చాచాయే. దుర్గాపూజకు బెంగాలీలు తొడుక్కొనే దుస్తులలో ఎన్నో మటియాబుర్జ్ ముస్లిం దర్జీల చేతిమీదుగా వచ్చేవి. రంజాన్ ఉపవాసాలు పూజల రోజులకు దగ్గరపడిన ఏడు వారి కుట్టుమిషన్లు రాత్రంతా ఆగేవి కావు.

వీటన్నిటికంటె ఆ బాలుడు ఎదురుచూసినది పాట కోసం. శరదృతువు వచ్చిందంటే గ్రామఫోన్ కంపెనీ పూజల పాటల రికార్డులు వెలువరించేది. హేమంత ముఖర్జీ, మన్నాడే ఈ ఏడు ఏమి పాడారన్నది వీధివీధినా చర్చ. అన్నిటికీ నాంది మాత్రం మహాలయ అమావాస్య నాడు తెల్లవారుజామున నాలుగింటికి ఆకాశవాణి ప్రసారం చేసే ‘మహిషాసురమర్దిని’. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్రకృష్ణ భద్ర చండీపఠనం. 1930ల ఆరంభంలో మొదలైన ఈ కార్యక్రమం బెంగాలీల పాలిట పండుగ పిలుపు అయింది. బెంగాలీ అంతంతమాత్రంగా తెలిసిన ఆ తెలుగు తల్లికి కూడ అందులోని సంస్కృత శ్లోకాలు పుట్టింటి మాటలవలె తోచేవి. ఇంట్లో రేడియో లేదు. మేడమీది వారి కిటికీ క్రింద, మెట్ల మీద కూర్చుని వినేవారు.

ఆ సంవత్సరం పూజల బోనసుతో తండ్రి ఒక ట్రాన్సిస్టర్ కొన్నాడు. అది కొడుకుకు పండుగ బహుమతి అన్నాడు. బాలుని కొత్త చొక్కా గుడ్డలో మిగిలిన ముక్కతో చాచా ఆ రేడియోకు ఒక గలేబు కుట్టి ఇచ్చాడు.

సెప్టెంబరు 23న మహాలయ. అప్పటికి రంజాన్ చివరి రోజులు. ఒకే ఆవరణలో కొన్ని ఇళ్లు సహరీ కోసం, కొన్ని ఇళ్లు రేడియో కోసం మేల్కొని ఉన్నాయి. నాలుగు గంటలకు తండ్రి మీట త్రిప్పాడు. ఎదురుచూసిన కంఠం రాలేదు. సినీనటుడు ఉత్తమ్‌కుమార్ కంఠంతో, హేమంత ముఖర్జీ సంగీతంతో వేరొక కార్యక్రమం వినవచ్చింది. ఆకాశవాణి ఆ ఏడు పాతదానిని మార్చివేసిన సంగతి వారికి తెలియదు.

“ఇది మంచి రేడియో కాదు నాన్నా! నిన్నెవరో మోసం చేశారు” అని బాలుడు ఏడ్చాడు.

తండ్రి బదులు పలుకలేదు. ముల్లును ఆ కొస నుండి ఈ కొసకు త్రిప్పుతూ కూర్చున్నాడు. ఇంతలో చాచా గుమ్మంలోకి వచ్చి, “ఆ పెద్దమనిషి గొంతు ఏమైంది? ఆయనకు ఒంట్లో బాగా లేదా?” అని అడిగాడు. మేడమీది వారి రేడియోలోనూ అదే వినిపిస్తోందని అప్పుడు తెలిసింది. రేడియో తప్పు కాదని తేలినా, అన్న మాట వెనక్కి రాలేదు.

నగరమంతటా నిరసన చెలరేగింది. ఆకాశవాణి పాత కార్యక్రమాన్నే మళ్లీ ఆశ్రయించవలసి వచ్చింది.

ఆ అమావాస్య దాటి నెలవంక కనిపించిన రాత్రి తండ్రి తానే రేడియోను ఆవరణలోకి తెచ్చి చాచా ముందు పెట్టాడు. ముల్లు త్రిప్పగా ఢాకా కేంద్రం దొరికింది. ఉపవాసాలు ముగిసి ఈద్ వచ్చిందని చాటే నజ్రుల్ ఇస్లాం పాట అందులో వచ్చింది. 1932 ఈద్ సమయాన అబ్బాసుద్దీన్ అహ్మద్ కంఠంలో రికార్డుగా వెలువడిన ఆ పాట కూడ కలకత్తాలో పుట్టినదే. వ్యాధివలన 1942 నుండి మాట కోల్పోయిన ఆ కవి, ఆ రంజాన్ మాసంలోనే ఆగస్టు 29న ఢాకాలో కన్నుమూశాడు. ఆయన లేని తొలి ఈద్ అది. చాచా తలవంచుకొని విన్నాడు. తండ్రి ముఖంలో, కొన్ననాటి సంతోషం మళ్లీ కనిపించింది. బాలుడు క్షమాపణ చెప్పాలనుకొన్నాడు. చెప్పలేదు.

నేడు ఆ కార్యక్రమాన్ని ఏ రోజైనా, ఏ వేళనైనా చేతిలోని ఫోనులో వినవచ్చు. అరవైలో పడిన ఆ కొడుకు మాత్రం మహాలయ నాడు నాలుగింటికే లేచి వింటాడు. అమావాస్య నాటి ఆ పాట ముగిశాక గంగ ఒడ్డుకు వెళ్లి తండ్రికి తర్పణం విడుస్తాడు. రేడియో ఏనాడో పాడైపోయింది. రంగు వెలిసిన గలేబు మాత్రం బీరువాలో ఉంది. చొక్కా లేదు, కుట్టినవాడు లేడు, కొనిపెట్టినవాడు లేడు. కుట్లు ఇంకా ఊడలేదు.