బిరడాలకి గేర్లు పెడితే అపచారమా?

సంప్రదాయం గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళు ఒక విషయం మర్చిపోతుంటారు. అసలు వయొలినే మనది కాదు. బాలుస్వామి దీక్షితార్ (1786–1858) మద్రాసులో యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. నిలబడి గడ్డం కింద పెట్టుకునే వాయిద్యాన్ని మనం నేల మీద కూర్చుని, దాని తలని కుడి పాదం మీద ఆనించి, తీగల్ని స-ప-స-ప కి మార్చేసుకున్నాం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరంలో వాయించే కాలానికి అది పూర్తిగా మనదైపోయింది. ఇన్ని మార్చినవాళ్ళం బిరడాలకి గేర్లు పెడతానంటే మాత్రం ఒప్పుకోం! మా ఇంట్లో ఈ గొడవ దాదాపు ఏడాది నడిచింది.

వయొలిన్ పట్టుకోనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. బిరడా అంటే తీగ చుట్టుకునే కర్ర మేకు. ప్రతి 30 మి.మీ. పొడవుకి 1 మి.మీ. సన్నబడుతూ పోతుంది. మర ఉండదు, తాళం ఉండదు. కర్రకీ కర్రకీ మధ్య రాపిడే దాన్ని ఆపుతుంది. అందుకే లోపలికి నొక్కుతూ తిప్పాలి. తక్కువ నొక్కితే గిర్రున జారిపోతుంది, ఎక్కువ నొక్కితే బిగుసుకుపోతుంది. ఇక లెక్క చూడండి. మేకు మందం సుమారు 7 మి.మీ. అంటే ఒక చుట్టుకి 22 మి.మీ. తీగ లాగుతుంది. వేలు కాస్త అదిరినా శ్రుతి దాటిపోతుంది. తోకపట్టీ మీద ఉండే చిన్న మరలు (ఫైన్ ట్యూనర్లు) కొంతవరకు ఆదుకుంటాయిగానీ వాటి పరిధి తక్కువ.

పాశ్చాత్య సంగీతంలో ఈ బాధ కొంత నయం. వాళ్ళ తీగలు ఎప్పుడూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. మనకి అలా కాదు. పాడేవాళ్ళ శ్రుతే మన శ్రుతి. ఈరోజు ఒకటిన్నరకి పాడే మగగొంతు, రేపు ఐదుకో ఐదున్నరకో పాడే ఆడగొంతు. పక్కవాద్యం వాళ్ళు దానికి తగ్గట్టు బిరడాలు తిప్పుకుంటూ ఉండాల్సిందే. రెండు వయొలిన్లు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, అందరికీ కుదరదు కదా.

దీనికి తోడు మా ఊరి వాతావరణం. మాది తిరుపతి. కింద ఎండలు ఎలా ఉంటాయో వచ్చినవాళ్ళందరికీ తెలుసు. కొండ మీద అంతకన్నా సుమారు 700 మీటర్ల ఎత్తు. అంటే నాలుగైదు డిగ్రీలు చల్లన, గాలిలో తేమ ఎక్కువ. బస్సు ఎక్కి గంటలో పైకి చేరినంత మాత్రాన కర్ర ఉబ్బదుగానీ తీగలు మాత్రం వెంటనే శ్రుతి మారతాయి. ధనుర్మాసం మంచులో రెండు రోజులు ఉంటే కర్ర కూడా మొరాయిస్తుంది. గుడి ఎదురుగా నాదనీరాజనం వేదిక మీద సాయంత్రం చల్లగాలిలో వాయించేవాళ్ళని దగ్గర్నుంచి గమనించండి. పాటకీ పాటకీ మధ్య చెయ్యి బిరడా మీదకి ఎన్నిసార్లు వెళ్తుందో లెక్కపెట్టొచ్చు. కిందకి వచ్చి ఎండాకాలంలో చూస్తే అదే బిరడా వదులైపోయి జారుతుంది. సుద్దపొడి, సబ్బు రాయడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న తంతే.

ఇదంతా నాన్న నలభై ఏళ్ళు చేశారు. కానీ ఇప్పుడాయన బొటనవేలి కీలు అరిగింది. కమాను పట్టుకుంటే నొప్పి లేదు, తీగల మీద వేళ్ళు నడుస్తున్నాయి. బిరడా నొక్కి తిప్పడం మాత్రం ఆయన వల్ల కావట్లేదు. శ్రుతి చెయ్యడానికి శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టారు. "కొంచెం పెంచు, ఆ... చాలు, చాలన్నానా!" ఇదీ వరస. ఆ పిల్లాడు రాని రోజు పెట్టె తెరిచేవారే కాదు. నన్ను బాధపెట్టింది ఇదే. వాయించడం వచ్చిన మనిషి, మేకు తిప్పలేక వాయించడం మానేస్తున్నారు.

గేర్ల బిరడాలు బయటికి మామూలు బిరడాల్లాగే కనిపిస్తాయి. లోపల గ్రహచక్రాల్లాంటి చిన్న గేర్లుంటాయి (కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వాడేది ఈ పద్ధతే). జర్మనీ విట్‌నర్ వాళ్ళవైతే పిడి 8.5 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే పిడి ఒక చుట్టు తిప్పితే కదిలే తీగ 22 మి.మీ. కాదు, 2.6 మి.మీ. నొక్కక్కర్లేదు. రెండు వేళ్ళతో తిప్పితే చాలు.

నాన్న మొదటి జవాబు: "నేనేమన్నా గిటార్ వాయిస్తున్నానా రా?" నా వైపు సాక్షిగా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని (1969–2014) పిలిచాను. ఆయన వాయిద్యానికి ఉన్నవి గేర్ల కీలే, ఆ సంగీతం కర్ణాటకం కాదని ఎవరన్నారు? వీణలకి కూడా గిటార్ కీలు బిగించి అమ్ముతున్నారు. తంబురా ఉండాల్సిన చోట ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెట్టుకుని దశాబ్దాలైంది.

రెండో జవాబు కొంచెం గట్టిది: "కష్టపడి శ్రుతి చేస్తేనే చెవి పదునెక్కుతుంది." ఇది నిజమా? పదునెక్కేది వినడం వల్ల, నొక్కడం వల్ల కాదు. ట్యూనర్ యాప్ చూపించే పంచమానికీ, చెవికి నిండుగా వినిపించే పంచమానికీ సుమారు 2 సెంట్ల తేడా ఉంటుంది (ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి వంద సెంట్లు). గేర్లు ఆ తేడాని కనిపెట్టలేవు. చెవి కనిపెట్టాక అక్కడ ఆగడానికి సాయం చేస్తాయంతే.

ఇబ్బందులు లేవని చెప్పను. బిగించాలంటే రంధ్రాన్ని కొలిచి సరిచెయ్యాలి, చెయ్యి తిరిగినవాళ్ళే చెయ్యాలి. మనం చెన్నై తీసుకెళ్ళాం. రోల్‌బ్యాక్ అంత సులువు కాదు. మళ్ళీ కర్రవి కావాలంటే లావుపాటి మేకులు చెక్కించుకోవాలి, లేదా రంధ్రం పూడ్పించాలి. కొత్త తీగ ఎక్కించడానికి తిప్పీ తిప్పీ విసుగొస్తుంది. లోపల గేరు పోతే మరమ్మతు ఉండదు, బిరడా మొత్తం మార్చడమే. ధర చూస్తే మామూలు స్టూడెంట్ వయొలిన్‌తో పోటీ పడుతుంది. చేతులు బాగున్నవాళ్ళు, బిరడాలు సరిగ్గా కూర్చున్నవాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు.

మా వరకూ లాభం ఏమిటంటే, నాన్న ఇప్పుడు పొద్దున్నే ఎవరికోసం ఎదురుచూడకుండా పెట్టె తెరుస్తున్నారు. మొన్న వంటింట్లోంచి అమ్మ, "ఇంకా ఎంతసేపు ఆ శ్రుతి చేసుకోవడం?" అని కేకేసింది. ఆయన కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో పంచమాన్ని వెంట్రుకవాసి జరుపుతున్నారు. శిష్యుడు వస్తూనే ఉన్నాడు, పాఠానికి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా వాయిద్యం పక్కన పెట్టేస్తే వయసు మీద పడిందని మనం సర్దిచెప్పుకుంటాం. ఒకసారి పక్కన కూర్చుని అడగండి, సరిగ్గా ఏ పని దగ్గర చెయ్యి ఆగిపోతోందని. ఒక్కోసారి అది నాలుగు మేకుల సమస్యే కావచ్చు.