గ్రాఫిక్స్ కార్డుకీ పరీక్షలే!

పరీక్షలు మనకే కాదు, యంత్రాలకీ తప్పవు. ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న అడిగితే బట్టీ పట్టడం యంత్రానికీ చేతనవుతుంది.

మా ఫైనలియర్ ప్రాజెక్టు, వరి ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రోగ్రాం. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? నలుగురం తలా కొంత వేసుకుని పాతదొకటి బేరమాడాం. "గంటసేపు ఫర్‌మార్క్ నడిపి చూపిస్తా తమ్ముడూ, ఇంకేం కావాలి?" అన్నాడు అమ్మేవాడు. అన్నట్టే చూపించాడు.

ఈ ఫర్‌మార్క్ 2007లో వచ్చింది. ఒళ్ళంతా బొచ్చుతో, మధ్యలో చిల్లుతో, అచ్చం మన గారెలాంటి చక్రం తెర మీద గిరగిరా తిరుగుతుంది. అన్ని వెంట్రుకలూ గీయలేక కార్డుకి ఊపిరి సలపదు, సలసలా కాగిపోతుంది. 2010 నాటి జీటీఎక్స్ 580 కార్డుకైతే ఎన్విడియా వారు ఒక కాపలా పెట్టారు. ఫర్‌మార్క్, ఓసీసీటీల వంటివి మొదలవగానే కార్డు తనంతట తాను వేగం తగ్గించుకునేది. కార్డు రక్షణకే అనుకోండి. కానీ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడి నడిచినట్టు ఉండదూ!

ఇప్పటి కార్డుల్లో ఇంకో చిక్కుంది. బరువు మరీ ఎక్కువైతే విద్యుత్తు హద్దు దాటకుండా కార్డు నెమ్మదిస్తుంది. అంటే గారె తిరిగినంతసేపూ కార్డు తన పూర్తి వేగం అందుకోదు. ఆ వేగంలో ఉన్న లోపం బయటపడదు.

అందుకే ఈ సాధనాలు కొత్త పాఠాలు నేర్చాయి. ఫర్‌మార్క్ రెండో తరంలో ఓపెన్‌జీఎల్‌తో పాటు వల్కన్ వచ్చింది, లినక్స్ మీదా నడుస్తోంది. గారెకి తోడు ముడి ఆకారం కూడా చేరింది. ఓసీసీటీలో బరువు మెల్లగా పెంచుకుంటూ పోయే పద్ధతీ, ఒక్కసారిగా వేసి తీసేసే పద్ధతీ ఉన్నాయి. మెమరీలో ఒకటి రాసి, తిరిగి చదివి, తేడా వస్తే లెక్కకట్టే పరీక్ష వేరే ఉంది.

"గంట తిరిగింది కదరా, ఇంకా అనుమానమేంటి?" అని మావాళ్ళు విసుక్కున్నారు. మెమరీ పరీక్ష పెట్టించాను. పది నిమిషాలు కాకముందే 17 తప్పులు! అమ్మేవాడు తాపీగా, "గేములాడితే తెలీదు బాబూ" అన్నాడు.

నిజమే, తెలీదు. గేములో ఒక చుక్క రంగు మారితే ఎవడికి పట్టింది? కానీ మా లెక్కలో ఒక అంకె మారితే తెగులున్న ఆకు మంచిదైపోవచ్చు. ఆ మాట నమ్మి ఒక రైతు మందు కొట్టడం మానుకోవచ్చు. ఆగిపోయే యంత్రం నయం, ఆగిందని తెలుస్తుంది. తప్పు చెబుతూ నడిచే యంత్రంతోనే ప్రమాదం.

ఆ కార్డు వదిలేశాం. మూడు వారాలు తిరిగి, అన్ని పరీక్షలూ నెగ్గినదాన్నే తెచ్చుకున్నాం. జూనియర్ మిత్రులకు నా మనవి ఒక్కటే: పాత కార్డు కొనేటప్పుడు వేడి ఒక్కటే చూడకండి. బరువు మార్చి చూడండి, జ్ఞాపకశక్తి కూడా పరీక్షించండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.