కొరింథు బల్ల, పల్నాటి చాప

పల్నాడులో ‘మీదే మిషను?’ అని ఎవరైనా అడిగారంటే కులం అడుగుతున్నారని చిన్నపిల్లలకి కూడా తెలుసు. లూథరన్ అంటే మాలపల్లె, బాప్టిస్టు అంటే మాదిగపల్లె, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషను) అంటే ఊరిని బట్టి రెడ్లో కమ్మవారో కూడా కావచ్చు. ఇదీ మావైపు లెక్క. అన్ని ఊళ్ళలోనూ ఈ లెక్క కుదరదు, అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. గురజాల దగ్గర పల్లెలో పుట్టిన నేను జర్మనీ వచ్చాక కూడా ఆ ప్రశ్న విన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేం తెలుగు క్రైస్తవులం నెలకోసారి కలుస్తాం. కొత్తగా వచ్చిన ఒక కుర్రాణ్ణి పక్కకు పిలిచి ఆ మాట అడిగారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంఘంలో చీలికల గురించి కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొత్తం ఏకబిగిన చదివాను. తర్వాతి సెలవుల్లో ఆ కొరింథు చూడాలని గ్రీసు వెళ్ళాను.

పాత కొరింథులో అపొల్లో దేవుడి గుడి స్తంభాలు ఏడు ఇంకా నిలబడి ఉన్నాయి. వెనక ఆక్రోకొరింథు కొండ. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం రంగస్థలం దగ్గరున్న ఒక రాతి పలక ముందు. ఎరస్తు అనే అధికారి తన సొంత ఖర్చుతో ఇక్కడ రాళ్ళు పరిపించాడని దానిమీద చెక్కారు. అక్షరాల్లో ఒకప్పుడు కంచు పోశారట, ఇప్పుడు లోతుగా గుంటలు మాత్రమే మిగిలాయి. పౌలు మరో పత్రికలో చెప్పిన పట్టణపు ఖజానాదారు ఎరస్తు ఈయనేనని కొందరు పండితులు, కాదని కొందరు. ఎవరైనా కానీ, సొంత డబ్బుతో వీధి పరిపించగలవాళ్ళున్న ఊరది.

రోమన్లు క్రీ.పూ. 146లో ఆ ఊరిని నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్ళీ కట్టించినప్పుడు, దాస్యం నుంచి విడుదలైనవాళ్ళే ఎక్కువగా వచ్చి స్థిరపడ్డారు. రెండు వైపులా రేవులు, ఎక్కడెక్కడి సరుకూ అక్కడికే. పౌలు దాదాపు క్రీ.శ. 50లో అక్కడికి చేరి, రోమ్ నుంచి వెళ్ళగొడితే వచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట దిగాడు. ముగ్గురిదీ ఒకే వృత్తి, డేరాలు కుట్టడం. ఆ డేరాలు తోలువేనని చాలామంది అంటారు. ఏడాదిన్నర ఆ ఊళ్ళోనే ఉన్నాడు. గల్లియో అనే అధిపతి ముందు ఆయన్ని నిలబెట్టిన న్యాయపీఠం రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. సువార్త పాకింది మాత్రం ఇళ్ళ మీదుగా. స్తెఫను ఇంటివారు, క్రిస్పు ఇంటివారు, క్లోయె ఇంటి మనుషులు. ఒక ఇల్లు నమ్మితే బంధువులూ పనివాళ్ళూ వెంట వచ్చారు.

మావైపూ అంతే జరిగింది. పుస్తకాల్లో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, పద్నాలుగేళ్ళకే అమెరికా చేరిన హేయర్, అక్కడి లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీగా 1842లో గుంటూరులో అడుగుపెట్టాడు. మధ్యలో వెనక్కి వెళ్ళి బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చి, గురజాలలో మకాం పెట్టి పల్నాడంతా తిరిగాడు. ఆ కష్టం చిన్నది కాదు, నాకు ఆయనంటే గౌరవం. కానీ ఒక్క మనిషి గుర్రమెక్కి ఎన్ని గడపలు తొక్కగలడు? ఒంగోలు వైపు బాప్టిస్టుల కథలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వ్యాపారపు దారుల్లోనే, తన చుట్టాల మధ్యే సువార్త చెప్పుకుంటూ పోయాడు. యొప్పేలో పేతురు బస చేసింది కూడా చర్మకారుడైన సీమోను ఇంట్లోనే కదా. 1883 నాటికి నరసరావుపేటలోనూ బాప్టిస్టు మిషను వెలిసింది. వియ్యం, చుట్టరికం, వృత్తి ఎంతవరకు ఉంటే విశ్వాసం అంతవరకు నడిచింది. అందుకే అది అంత త్వరగా పాకింది. అందుకే ఒక్కో పల్లెలో ఒక్కో మిషనుగా ఆగిపోయింది కూడా.

కొరింథులోనూ చిక్కు అక్కడే వచ్చింది. నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి, నేను కేఫా వాణ్ణి అని బోధకుల పేర్లతో జట్లు కట్టారు. అంతకంటే ఘోరం భోజనాల దగ్గర జరిగింది. సంఘం కలిసేది కలిగినవాళ్ళ ఇంట. రోమను ఇంట్లో భోజనాల గదిలో పట్టేది తొమ్మిదిమంది వరకు, మిగతావాళ్ళు నడవాలో కూర్చోవాల్సిందే అంటారు పండితులు. పని ముగించుకుని కూలివాడు వచ్చేసరికి లోపలివాళ్ళు తిని, తాగి కూర్చున్నారు. పౌలుకి వచ్చిన కోపం ఆ పత్రికలో పదకొండో అధ్యాయంలో చూడండి. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు.

ఆ మాట పల్నాటి గడ్డ మీద పుట్టినవాడికి కొత్తగా ఉండదు. పన్నెండో శతాబ్దంలో మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకులా చూసుకున్నాడని వింటూ పెరిగాం. కారంపూడి వీరుల తిరునాళ్ళలో చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. అది మా చర్చిలో ఎవరూ చెప్పని ప్రసంగం. పౌలు కోపమూ బ్రహ్మనాయుడి చాపా ఒకే విషయం చెబుతున్నాయని మా పాస్టర్లు ప్రసంగ పీఠం మీద నుంచి చెప్పాలని నా కోరిక.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రేమవిందు నాడు అందరం ఒకే గిన్నెలోది వడ్డించుకుంటాం. అక్కడ పేచీ లేదు, ఆ కలయిక పెళ్ళి దగ్గరే ఆగుతుంది. మా సంఘంలో ఒక లూథరన్ అమ్మాయీ ఒక బాప్టిస్టు అబ్బాయీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అమ్మాయి వాళ్ళ నాన్న గురజాల నుంచి ఫోన్ చేసి, ‘అన్నా, నువ్వయినా చెప్పు దానికి’ అన్నాడు. పిల్లకి కాదు, నీకే చెబుతాను తమ్ముడూ అన్నాను. సంక్రాంతికి ఊరెళ్తున్నాను. ఇద్దరి పెద్దల్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను.