ఇటుకతో వుజూ

నీళ్ళు దొరక్కపోయినా, నీళ్ళు తగిలితే జబ్బు ముదురుతుందన్నా వుజూకి బదులు తయమ్ముమ్ చేయొచ్చు. నీయత్ చేసుకుని పాక్ మట్టిమీద అరచేతులు కొట్టి, దులిపి, మొహం తుడుచుకోవాలి. మళ్ళీ కొట్టి మోచేతులదాకా చేతులు. అంతే. కాళ్ళ జోలికే పోనక్కర్లేదు. గుస్ల్‌కి బదులైనా ఇదే.

అఖల్ ఒప్పుకోదు. కడుక్కోవడానికి నీళ్ళు లేకపోతే మట్టి రాసుకోవడమేంటి?

మా అబ్బా కూడా ఇదే అడిగారు. గుండె ఆపరేషనయి మంచం మీదున్నారు. ఛాతీకి కట్టు, చేతికి సెలైను. నీళ్ళు తగలనివ్వొద్దని డాక్టర్ హుకుం. అమ్మీ ఒక ఇటుకని కడిగి ఆరబెట్టి తెచ్చింది. (మా హనఫీలకి దుమ్ము అంటకపోయినా చెల్లుతుంది.) "ఇటుకతో వుజూ ఏంటి? బకెట్ తే బేటా" అన్నారు.

అబూ దావూద్‌లోని హదీసు చెప్పాను. సఫర్‌లో ఒకాయన తలకి రాయి తగిలి గాయమైంది. గుస్ల్ అవసరం పడింది. తయమ్ముమ్ చేయొచ్చా అని సాథీలనడిగితే, నీళ్ళు ఉన్నాయిగా, ఇజాజత్ లేదన్నారు. స్నానం చేశాడు, చనిపోయాడు. సంగతి తెలిసి రసూలుల్లాహ్ (స) వాళ్ళే అతన్ని చంపారన్నారు, తెలియనప్పుడు అడగొద్దా అని మండిపడ్డారు.

సాథీల జవాబు చూడండి, ఎంత సబబుగా ఉందో!

"అయినా మురికి పోవాలిగా?" అన్నారు అబ్బా.

"మురికి కోసమే అయితే, స్నానం చేసి పడుకున్నవాడు లేచి మళ్ళీ వుజూ ఎందుకు చేయాలి?"

దానికేమీ అనలేదు. జొహర్ వఖ్త్ దాటిపోతోంది. సెలైను లేని చేయి ఇటుకవైపు చాపారు.